చిలకలపూడి మస్టాంగ్

"అన్నా, ఒక్కసారి వచ్చి చూసిపో. నువ్వు సరే అంటేనే అడ్వాన్సు ఇస్తా."

ఆదివారం పొద్దున్నే ఫోను. అతను నాకు వరసకు తమ్ముడు. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకు వెనక్కి పంపే మనిషి. నేను వెళ్ళేసరికి ఆనేకల్ నుంచి జిగణి పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. వారమంతా కొలతలు చూసే ఆ కళ్ళలో పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడి తొందర కనిపించింది.

లోపల ఎర్ర కారు. బానెట్టు మొదలు డిక్కీ దాకా రెండు తెల్ల పట్టీలు. ముందు గ్రిల్ మధ్యలో పరిగెత్తే గుర్రం బొమ్మ. వెనక లావుపాటి సైలెన్సర్లు రెండు. "అరవై ఏడు మస్టాంగ్ లుక్కు సార్, బెంగళూరులో ఇలాంటిది ఇంకోటి చూపించండి" అన్నాడు షెడ్డాయన. బానెట్టు ఎత్తమన్నాను. లోపల ఉన్నది ఇసుజు ఇంజను, నాలుగు సిలిండర్లు, 1.8 లీటర్లు. డాష్‌బోర్డు, డోరు హ్యాండిలు చూస్తే ఇక అనుమానం లేదు. అది కాంటెస్సా. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారు చేసిన పొడుగు ముక్కు కారు. మన సినిమాల్లో విలన్లు, మన ఊళ్ళలో కాంట్రాక్టర్లు ఎక్కి తిరిగింది.

ధర పదకొండు లక్షలు.

"అచ్చం మస్టాంగే కదన్నా?"

"దూరం నుంచి."

"దగ్గరికి ఎవరొస్తారన్నా?"

ఈ అధ్యాయం రాయించింది ఆ ఆఖరి మాటే. నకలు కారు కొనొచ్చా కూడదా అని అడిగేవాళ్ళు చాలామంది ఇంజను గురించి, ధర గురించి అడుగుతారు. అడగాల్సింది మాత్రం ఇది: దగ్గరికి ఎవరైనా వచ్చి, "ఇది అసలుదేనా?" అంటే మీ నోట్లోంచి ఏం మాట వస్తుంది?

మా అమ్మమ్మ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఉండేది. ఆమెకు మూడు సవర్ల గొలుసు ఒకటి ఉండేది, పెట్టెలో. మెడలో మాత్రం బందరులో ఉండే చెల్లెలు తెచ్చిచ్చిన చిలకలపూడి గొలుసు. మచిలీపట్నం పక్కన చిలకలపూడి తెలుసు కదా, పాండురంగడి గుడికి ఎంత పేరో గిల్టు నగలకూ అంత పేరు. లోపల రాగి, పైన బంగారు పూత. హోసూరు బస్సులో పక్కసీటు ఆవిడ "ఎన్ని సవర్లు అవ్వా?" అంటే మా అమ్మమ్మ నవ్వి, "సవర్లేం లేవమ్మా, చిలకలపూడిది. బావుంది కదూ?" అనేది. ఆ మాటలో సిగ్గు లేదు, సంజాయిషీ లేదు. పైగా అడిగినావిడకు అది ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపేది. ఆ గొలుసుతో ఆమె సంతకు వెళ్ళింది, తిరునాళ్ళకు వెళ్ళింది, బస్సులో గుండె చేత్తో పట్టుకోకుండా నిద్రపోయింది. పెట్టెలోని అసలు గొలుసు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

అసలు వస్తువుకు ఉండే ఈ జబ్బు రాజులనూ వదల్లేదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిస్తే, అది తయారై వచ్చేలోపే 1911లో ఆయన కన్నుమూశాడు. తర్వాతి నిజాం దాన్ని వేడుకలకే బయటికి తీశాడు. వందేళ్ళు దాటిన ఆ కారు తిరిగింది కొన్ని వందల మైళ్ళే. మన ఇంటి స్కూటరు రెండు నెలల్లో తిరిగేంత. నకలుకు ఉన్న ఒకే ఒక్క పెద్ద గుణం ఇదే. దాన్ని వాడుకోవచ్చు. గీత పడితే గుండె ఆగదు.

ఇక "అసలు" అనే మాటను కాస్త గోకి చూద్దాం. అమెరికా వాళ్ళు మజిల్ కారు అంటే మొదట చెప్పేది 1964 పోంటియాక్ జీటీవో. అది ఏమిటి? టెంపెస్ట్ అనే మామూలు సంసారపక్షం కారులో 389 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను పెట్టారు. మనకు తెలిసిన లెక్కలో 6.4 లీటర్లు. జీటీవో అనే పేరైనా సొంతమా అంటే, ఫెరారీ దగ్గర్నుంచి ఎత్తుకొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 17న వచ్చిన మస్టాంగ్ కూడా అడుగున ఫోర్డ్ ఫాల్కనే, ఆఫీసుకు పోయొచ్చే చవక కారు. (ఔత్సాహికులు మస్టాంగ్‌ను మజిల్ కారు అనకుండా పోనీ కారు అంటారు. ఆ తగాదా మనకొద్దు.) 1962లో టెక్సాస్ మనిషి కారల్ షెల్బీ చేసిన కోబ్రా అయితే మరీ. ఒళ్ళు ఇంగ్లండులోని ఏసీ కంపెనీది, గుండె అమెరికా ఫోర్డ్‌ది. ఇప్పుడు మన కాంటెస్సాను చూడండి. ఒళ్ళు ఇంగ్లండు వాక్స్‌హాల్‌ది. మొదట పెట్టిన ఇంజను అంబాసిడర్‌లోదే, 1489 సీసీ, యాభై గుర్రాల బలం. అంత పొడుగు ముక్కు కింద అంత చిన్న ఇంజను చూసి జనం నవ్వితే, తర్వాత జపాన్ ఇసుజు ఇంజను తెచ్చారు. కోబ్రా ఎలా పుట్టిందో కాంటెస్సా అలాగే పుట్టింది. ఒకటి 2016 వేలంలో కోటీ ముప్పై ఏడున్నర లక్షల డాలర్లు పలికింది, అది షెల్బీ కట్టిన మొట్టమొదటి కోబ్రా. ఇంకోటి జిగణి రోడ్డు షెడ్డులో గుర్రం బొమ్మ తగిలించుకుని నిలబడింది.

అంటే వేషం వేయడంలో తప్పేమీ లేదు. ఈ కార్లన్నీ పుట్టుకతోనే వేషాలు. తప్పు ఎక్కడ మొదలవుతుందో నాకు నా జీపు నేర్పింది.

పన్నెండేళ్ళ కిందట నేనొక విల్లీస్ జీపు కొన్నాను. ఆలివ్ పచ్చ రంగు, బానెట్టు మీద తెల్ల నక్షత్రం, పక్కన పార, గొడ్డలి. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన బండి, మిలిటరీ వేలంలో వచ్చిందన్నాడు అమ్మినవాడు. ఆర్‌సీలో మహీంద్రా ఎంఎం 540 అని ఉంది. అది చదివాను కూడా. చదివి, "కాగితాల్లో ఏదో పొరపాటు" అని నాకు నేనే చెప్పుకున్నాను. మనసు పడ్డవాడికి కాగితం ఎప్పుడూ పొరపాటుగానే కనిపిస్తుంది. రెండేళ్ళపాటు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "1944 మోడల్" అని చెప్పుకు తిరిగాను. ఒక ఆగస్టు పదిహేనున మా పక్క ఊరి బడికి జెండా పండగకు తీసుకెళ్ళాను. పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. రిటైరైన హవల్దారు ఒకాయన నెమ్మదిగా వచ్చి ముందు గ్రిల్ మీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆగాడు.

"యుద్ధకాలం బండికి తొమ్మిది గాళ్ళు ఉంటాయి నాయనా. స్టీరింగు కూడా ఎడమపక్క ఉండాల. బండి బావుందిలే." అంతే అన్నాడు.

పక్కనే హెడ్మాస్టరు. ఎదురుగా నేను 1944 అని చెప్పిన నలభై మంది పిల్లలు. బండికి ఏ లోపమూ లేదు. గుట్ట ఎక్కేది, వర్షంలో కదిలేది, నన్ను ఏనాడూ నడిరోడ్డు మీద వదల్లేదు. నిజానికి మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడంతోనే బండ్ల వ్యాపారం మొదలుపెట్టారు. 540కి ఆ వంశంలో దాయాది హక్కుంది. "మహీంద్రా బండి, విల్లీస్ లాగా చేయించుకున్నా, బావుంది కదూ?" అని ఉంటే హవల్దారు నాతో టీ తాగి, కుర్రతనంలో తాను నడిపిన బండ్ల గురించి గంట మాట్లాడేవాడు. నా అబద్ధం వల్ల ఆ గంట పోయింది. బండిని ఆ తర్వాత ఏడాదికి అమ్మేశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పి. కొన్న ధరలో సగానికి కొంచెం పైన వచ్చింది. ఆ తేడా ఏమిటా అని చాన్నాళ్ళు ఆలోచించాను. అది నేను నమ్మిన కథకు కట్టిన ధర.

కథకు డబ్బు కడుతున్నామా, ఇనుముకు కడుతున్నామా అన్నది కొనే ముందు తేల్చుకోవాలి. దానికి మా ఆనేకల్ పట్టు మగ్గాల వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. చీర మెరుపు చూసి వాళ్ళు మాట్లాడరు. కొంగు చివర ఒక పోగు లాగి నిప్పు చూపిస్తారు. కాలిన వెంట్రుక వాసన వస్తే పట్టు. ప్లాస్టిక్‌లా కరిగి ఉండ కడితే వేరే సంగతి. అందరూ పోగు లాగలేరు కాబట్టే 2004లో సిల్క్ మార్క్ అనే ముద్ర వచ్చింది. దాని వెనకున్న కేంద్ర పట్టు మండలి బెంగళూరులోనే ఉంది. మనం రోజూ తిట్టుకుంటూ ఇరుక్కునే సిల్క్ బోర్డు జంక్షన్‌కు పేరిచ్చిన ఆఫీసు అదే.

కారులో పోగు లాగడమంటే ఇలా. ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. రంగు గీసుకుపోకుండా పల్చటి గుడ్డ చుట్టి, డోర్ల కింది అంచులు, చక్రాల పైన ఉండే వంపులు, బానెట్టు, డిక్కీ మూత, అన్నిచోట్లా పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే రేకు. అంటీ అంటనట్టు జారితే కింద పుట్టీ దట్టంగా ఉంది. అసలు పట్టుకోకపోతే అది ఫైబరు. మన తమ్ముడి ఎర్ర కారుకు ముందు భాగమంతా అయస్కాంతం జారి కిందపడింది. డోర్ల అడుగున సగం చోట్ల పట్టలేదు. "కొత్త టింకరింగ్ సార్" అన్నాడు షెడ్డాయన. కొత్త టింకరింగ్ అయితే కొత్త రేకు ఉండాలి.

తర్వాత చాసిస్ నంబరు. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆర్‌సీతో ఒక్కో అంకె పోల్చండి. ఇంజను నంబరు కూడా అంతే. అమెరికాలో ఈ పిచ్చి ఎంత దూరం పోయిందో చూడండి. తొలి రెండేళ్ళ జీటీవోలు టెంపెస్ట్‌లో ఒక ఆప్షన్ మాత్రమే కావడంతో బండి నంబరు చూసి అసలు, నకలు తేల్చలేరు. కంపెనీ పాత బిల్లింగు రికార్డులు తెప్పించి చూడాలి. 1966 నుంచి నంబరు 242తో మొదలవుతుంది కాబట్టి ఆ గొడవ తీరింది. అందుకే అక్కడ టెంపెస్ట్‌ను జీటీవోగా మార్చినవాడు "క్లోన్" అని బోర్డు పెట్టి మరీ అమ్ముతాడు. క్లోన్ ధర క్లోన్‌కు ఉంటుంది, కొనేవాడూ ఉంటాడు. దాచి అమ్మితే కోర్టు.

మన దగ్గర దాచినా దాచకపోయినా చట్టం ఉంది, ఇక్కడ కొంచెం ఆగాలి.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఏమంటుందంటే, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. "అందరూ చేయిస్తున్నారు సార్" అనే మాటకు 2019 జనవరి 9న సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. కేరళ నుంచి వెళ్ళిన కేసు అది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండి రూపం మారిస్తే రిజిస్ట్రేషన్‌కు పనికిరాదని తేల్చింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ సెక్షన్‌ను మార్చి రాశారు. అనుమతి లేని ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. "ఒక్కో మార్పుకూ" అన్న మాట మరోసారి చదవండి. ఎర్ర కారుకు ముందు భాగం ఒకటి, వెనక లైట్లు రెండు, సైలెన్సర్లు మూడు... మా తమ్ముడు వేళ్ళు మడవడం మొదలుపెట్టి, మధ్యలో చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. రంగు మార్చి ఆర్‌సీలో రాయించుకోవడానికి దారి ఉంది. ఒళ్ళు మార్చడానికి లేదు.

ఆనేకల్ వాళ్ళకు ఇంకో చిక్కు. మనకు రాష్ట్ర సరిహద్దు పెరటి గోడ. అత్తిబెలె దాటితే హోసూరు. టీఎన్ 70 నంబరు బండి ఇక్కడ చవగ్గా దొరికిందని కొనేవాళ్ళు ఉన్నారు. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాలి, అక్కడి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. మామూలు మారుతి అయితే అది తిరుగుడు మాత్రమే. ఒళ్ళు మారిన కాంటెస్సా అయితే, తనిఖీ చేసే అధికారి ముందు గుర్రం బొమ్మతో నిలబడి "ఇది కాంటెస్సా" అని చెప్పాలి. దానికి తోడు పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లు అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. చివరి కాంటెస్సా 2002ది అయినా ఆ వరసలో ఉన్నట్టే. అంటే ఈ కారు కొన్నవాడు అయిదేళ్ళకోసారి అబద్ధం ఆడాలి, లేదా వేషం విప్పాలి.

వింటేజ్ అని రాయించుకుంటే పోదా అంటారు. పోదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం బండి యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపంలోనే ఉండాలి. అలాంటి వాటికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, రోజువారీ తిరగడానికి కాదు. తొలి కాంటెస్సాకే యాభై నిండేది 2034లో. అప్పటికీ గుర్రం బొమ్మ ఉంటే పనికిరాదు.

బీమా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. కంపెనీ మానేసిన మోడళ్ళకు బండి విలువ ఎంతో మీరూ బీమా సంస్థా మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి. వాళ్ళు ఆర్‌సీ చూసి కాంటెస్సాకు విలువ కడతారు. మీ పదకొండు లక్షల్లో మస్టాంగ్ వాటా ఎంతుందో అది వాళ్ళ లెక్కలోకి రాదు. చెప్పకుండా చేయించిన మార్పులు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమే నిలవకపోవచ్చు.

ఇంత చదివి "అయితే వద్దంటారా?" అని అడగొద్దు. నేను వద్దనే మనిషినైతే ఈ అధ్యాయం మూడు లైన్లలో అయిపోయేది.

ముందుగా, డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉండి ఈ పుస్తకం చదువుతున్నవాళ్ళకు. మీ సంగతి వేరు. అసలు కోబ్రాలు వెయ్యికి లోపే తయారయ్యాయి, నకళ్ళు దానికి ఎన్నో రెట్లు. ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీలు 1995 నుంచి విడిభాగాల పెట్టెలు అమ్ముతున్నాయి. సెలవు రోజుల్లో గ్యారేజీలో తండ్రీ కూతుళ్ళు కలిసి బిగించుకుంటారు. 2015లో అక్కడి చట్టం చిన్న తయారీదారు ఏడాదికి 325 దాకా నకలు కార్లు అమ్మడానికి దారి తెరిచింది. రిజిస్ట్రేషన్ పద్ధతి మీ రాష్ట్రాన్నిబట్టి ఉంటుంది, ముందు అది కనుక్కోండి. కోబ్రా నకలు తోలేవాళ్ళను పెట్రోలు పోసేచోట ఎవరైనా అడిగితే సగం మంది "కిట్ కారు, నేనే కట్టా" అని ఛాతీ విరుచుకుని చెప్తారు. మా అమ్మమ్మ బాపతు.

ఇక్కడ ఉన్నవాళ్ళకు దారులు రెండున్నాయి. ఒకటి, కంపెనీయే చేసి అమ్మే నకలు. దీన్ని నకలు అంటే యజమానులు కోప్పడతారు, అయినా అదే. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ అదే, మహీంద్రా థార్ అదే. మా కర్ణాటకలో దీనికి మంచి ఉదాహరణ జావా. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1960ల మొదట్లో మొదలై 1996లో మూతపడింది. ఆ టూ స్ట్రోక్ చప్పుడు మీద ప్రేమ చావని జనం ఏటా జులై రెండో ఆదివారం బెంగళూరులో పాత బండ్లతో పండగ చేసుకుంటారు. 2018 నవంబరులో జావా పేరు మళ్ళీ వచ్చింది. అదే టాంకు వంపు, అవే రెండు సైలెన్సర్లు, లోపల మాత్రం 293 సీసీ ఫోర్ స్ట్రోక్, నీళ్ళతో చల్లబడే ఇంజను. పాత జావా మనిషి చెవికి అది జావా కాదు. కానీ ఆర్‌సీలో ఏముందో బండి మీద అదే ఉంది, పొద్దున్నే సెల్ఫ్ కొడితే కదులుతుంది. హాల్‌మార్కు ఉన్న కొత్త నగ అన్నమాట, పాత డిజైనులో.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం, కష్టమైనదీ అదే. కాంటెస్సాను కాంటెస్సాగా ఉంచుకోవడం. మన నేల మీద తయారైన కార్లలో మజిల్ కారు పోలికలు ఎక్కువగా ఉన్నది అదే. దాన్ని ఇంకోదాని వేషంలో దాస్తున్నామంటే మనకు మన వస్తువు మీద ఎంత చిన్నచూపు ఉందో చూడండి. అయితే సరదా కాదు. రబ్బరు బీడింగులు, వెనక లైట్ల అద్దాలు, ముందు పెద్దద్దం, వీటికోసం జేసీ రోడ్డు, కలాసిపాళ్య దుకాణాలన్నీ తిరగాలి. "పదేళ్ళ ముందు ఉండింది సార్" అనే మాట అలవాటు చేసుకోవాలి. బంకుల్లో ఇప్పుడు పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరును మెత్తబరుస్తుంది. కొన్న వారంలోనే ఇంధనం గొట్టాలు, కార్బురేటర్ గాస్కెట్లు, పంపు డయాఫ్రం కొత్త రకం రబ్బరువి వేయించండి. నెలలకొద్దీ నిలబెట్టేట్టయితే టాంకు, కార్బురేటరు ఖాళీ చేయించండి. ఇంజను చుట్టూ పెట్రోలు చెమర్చడం పాత కారులో మామూలే అనుకుంటే, ఆ మామూలు ఒకనాడు అంటుకుంటుంది.

రోజూ ఆఫీసుకు దాన్ని తీయొద్దు. సిల్క్ బోర్డు దగ్గర మేలో అరగంట నిలబడితే ముల్లు ఎర్రగీత దాటుతుంది, మీ రక్తపోటు కూడా. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డుకు పసుపు లైను మెట్రో వచ్చింది కాబట్టి మనవైపు వాళ్ళకు ఆ బాధ కొంత తీరింది. రోజు పని మెట్రో చూసుకుంటే, ఆదివారం పొద్దున ఆరింటికి తళి రోడ్డు కారుది. ముత్యాలమడువు దాకా వెళ్ళి, చెట్టు కింద ఆపి, ఫ్లాస్కులో కాఫీ తాగి ఎండెక్కకముందు ఇల్లు చేరితే అంతకంటే దానికేం కావాలి, మీకేం కావాలి?

డబ్బు గురించి ఒక్క మాట. ముప్పై ఏళ్ళ కారుకు కారు లోను రాదు, పర్సనల్ లోను తీసుకుంటారు, వడ్డీ బరువు. నకలు మీద పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే మీకు ఏ రంగు, ఏ పట్టీ, ఏ చప్పుడు నచ్చిందో సరిగ్గా అవే నచ్చే రెండో మనిషి దొరకాలి. అలాంటివాడు దొరికితే వాడు కూడా సొంతంగా చేయించుకుంటానంటాడు. పెట్టుబడి అనే మాట ఈ సందర్భంలో ఇంట్లో ఆడవాళ్ళ ముందు వాడకండి, వాళ్ళకు చిలకలపూడి లెక్కలు మీకంటే బాగా తెలుసు.

ఆ ఆదివారం షెడ్డు నుంచి తిరిగొస్తూ మా తమ్ముడు ఆనేకల్ బస్టాండు దాకా ఏమీ మాట్లాడలేదు. టీ తాగుతుండగా అడిగాను, "ఎవరైనా బంకు దగ్గర అడిగితే ఏం చెప్తావురా?"

"మస్టాంగ్ అంటా." కాసేపాగి, "...లుక్కు అంటా" అన్నాడు. ఇంకాస్త ఆగి, "ఏమోన్నా" అన్నాడు.

మర్నాడు షెడ్డాయనకు ఫోను చేశాడు. కాంటెస్సా అసలు గ్రిల్, బంపర్లు, ముందు రేకులు ఉన్నాయా, ఉంటే అవి బిగించి కాంటెస్సాగా ఇస్తావా, కాంటెస్సా ధరకు తీసుకుంటాను అన్నాడు. అవతలాయన పెద్దగా నవ్వి ఫోను పెట్టేశాడు. నాలుగు నెలలు గడిచాయి. ఎర్ర కారు అక్కడే ఉంది, తెల్ల పట్టీల మీద దుమ్ము. మొన్న శనివారం ఆయనే ఫోను చేశాడట. నేను వెళ్ళేసరికి మా తమ్ముడు షెడ్డు గుమ్మంలో గొంతుక్కూచుని గోనెసంచిలోంచి పాత గ్రిల్ బయటికి లాగుతున్నాడు. ఒక బందు విరిగి ఉంది, మిగతాదంతా తుప్పు. జేబులోంచి వెర్నియర్ తీసి, విరిగిన ముక్క కొలత చూస్తున్నాడు.